చంటిపిల్ల ఉండగా పీహెచ్‌డీ, కాలేజీ ఉద్యోగం నెట్టుకురావడం ఎలా?

"మేడమ్, బాబుకి ఎనిమిదో నెల. థీసిస్ మూడో చాప్టర్ దగ్గరే ఆగిపోయింది. రిజిస్ట్రేషన్ పోతుందా?"

"మేడమ్, మా ఆవిడ జేఆర్‌ఎఫ్. డెలివరీ అయితే ఫెలోషిప్ ఆపేస్తారా?"

"డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరాను. పాపకి రెండేళ్లు. ఒక్క పేపర్ రాద్దామన్నా కుదరడం లేదు."

మాటలు మారుతున్నా ప్రశ్న ఒకటే కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఆరేళ్లలోపు పిల్లలున్న రీసెర్చ్ స్కాలర్లు, లెక్చరర్ల కోసం ఇది. తల్లులకే ఎక్కువ వర్తిస్తుంది గానీ తండ్రులు కూడా చదవాలి. కింద ఎనిమిది మెట్లున్నాయి, ముఖ్యంగా మూడో మెట్టు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాసుకోండి అనే సలహా ఇందులో దొరకదు. రాత్రి మూడుసార్లు పాలకు లేచిన మనిషిని మళ్లీ నాలుగింటికి లేవమనడానికి నాకు నోరు రాదు. నేను చెప్పే వరుస వేరు. ముందు కాగితాలు, తర్వాత బిడ్డను పట్టుకునే మనిషి, అన్నిటికన్నా చివర టైమ్‌టేబుల్. మనవాళ్లు రంగురంగుల పెన్నులతో టైమ్‌టేబుల్ గీయడంతో మొదలుపెడతారు. రెండో వారానికి అది గోడమీద బొమ్మగా మిగులుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పీహెచ్‌డీ అడ్మిషన్ లేదా రిజిస్ట్రేషన్ ఆర్డర్. దాని మీది తేదీ ముఖ్యం.
- మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ రూల్స్ పీడీఎఫ్. దాంతోపాటు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నవంబరులో ఇచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు. రెండూ వెబ్‌సైట్లలో దొరుకుతాయి.
- ఉద్యోగం ఉంటే అపాయింట్‌మెంట్ ఆర్డర్, సెలవుల రూల్స్.
- ఈ సెమిస్టర్ అల్మానాక్, అంటే క్లాసులు, పరీక్షల తేదీల క్యాలెండర్.
- బిడ్డ టీకాల కార్డు.
- ఒక చిన్న నోట్‌బుక్. యాప్ వద్దు. ఫోన్ తీస్తే వాట్సాప్ గ్రూపు పిలుస్తుంది.
- వారానికి కనీసం ఆరేడు గంటలు, చెప్పిన వేళకు బిడ్డను తీసుకునే మనిషి ఒకరు. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

1. గడువు లెక్క వేయండి

చాలామంది టెన్షన్ సగం ఇక్కడే పోతుంది. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో రెండేళ్ల వరకు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి దానిపైన మరో రెండేళ్ల సడలింపు ఉంది. అంతా కలిపి పదేళ్లు దాటకూడదు.

2023 ఆగస్టులో చేరినావిడ లెక్క చూడండి. ఆరేళ్లు 2029 ఆగస్టుకు నిండుతాయి. రీ-రిజిస్ట్రేషన్ ఇస్తే 2031, మహిళల సడలింపు కూడా కలిస్తే 2033. మీ తేదీతో ఈ మూడు సంవత్సరాలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. 2016 నిబంధనల కాలంలో చేరినవారికి ఆరేళ్లు, మహిళలకు పైన రెండేళ్లు.

జాగ్రత్త: పొడిగింపు దానంతటదే రాదు. గడువు ముగియకముందే దరఖాస్తు పెట్టాలి. ముగిసిన మర్నాడు పెట్టిన దరఖాస్తుకు సెక్షన్‌లో ఎవరూ బాధ్యత తీసుకోరు. ఆరు నెలల ముందు తేదీకి ఫోన్లో అలారం పెట్టుకోండి.

2. సెలవు కాగితం మీదే తీసుకోండి

మహిళా స్కాలర్లకు ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు కలిపి పీహెచ్‌డీ మొత్తం కాలంలో 240 రోజుల వరకు ఇవ్వవచ్చని యూజీసీ నిబంధన. ఆ "ఇవ్వవచ్చు" దగ్గరే చిక్కు. మీరు అడగకపోతే ఎవరూ ఇవ్వరు. "గైడ్‌కి చెప్పాను, సరే అన్నారు" అంటే అది సెలవు కిందికి రాదు. ఆయన రిటైరయ్యాకో, డిపార్ట్‌మెంట్ హెడ్ మారాకో "ఆ ఏడు నెలలు మీరు ఎక్కడున్నారు?" అని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి.

దరఖాస్తు నాలుగు వాక్యాలు చాలు:

"నేను ఫలానా విభాగంలో, ఫలానా రిజిస్ట్రేషన్ నంబరుతో పీహెచ్‌డీ చేస్తున్నాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ప్రసూతి సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. ఈ కాలాన్ని నా పీహెచ్‌డీ గడువుకు కలుపుతారో లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు. డాక్టర్ సర్టిఫికెట్ జతపరిచాను."

మూడో వాక్యం వదలకండి. సెలవు రోజులను గడువుకు కలిపే విషయంలో, విడతలుగా వాడుకునే విషయంలో యూనివర్సిటీల పద్ధతులు ఒకలా ఉండవు. దరఖాస్తు గైడ్ ద్వారా పంపి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని, ఆ కాపీని ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.

ఫెలోషిప్ ఉన్నవాళ్లకు: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)లకు ప్రసూతి సెలవులోనూ ఫెలోషిప్ వస్తుంది. 2023 జనవరి నుంచి నెలకు జేఆర్‌ఎఫ్ 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. వదులుకునే డబ్బేమీ కాదు. యూజీసీ ఫెలోషిప్ అయితే నెలనెలా యూనివర్సిటీ వాళ్లు పోర్టల్‌లో కన్ఫర్మేషన్ పెట్టాలి. మీరు ఇంట్లో ఉంటారు, అక్కడ పెట్టే గుమాస్తాకు మీరు సెలవులో ఉన్నట్టు తెలియదు, డబ్బు ఆగుతుంది. సెలవు ఆర్డర్ కాపీ ఒకటి ఆ సీటుకు చేర్చి, ప్రతి నెల మొదటి వారంలో గుర్తుచేసే పని ఒక జూనియర్ స్కాలర్‌కు అప్పగించండి.

ఉద్యోగం ఉన్నవాళ్లకు: 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు అయింది. ఇందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకు వాడుకోవచ్చు. అర్హతకు, అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. యూజీసీ 2018 నిబంధనల్లో టీచర్లకు 180 రోజుల ప్రసూతి సెలవు, తండ్రులకు 15 రోజుల సెలవు ఉన్నాయి. పిల్లల సంరక్షణ సెలవు కేంద్ర సంస్థల్లో సర్వీసు మొత్తానికి 730 రోజులు. రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు తెలంగాణలో 90 రోజులు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 180 రోజులు. మీ యూనివర్సిటీ ఏ జీవోను అనుసరిస్తుందో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడగండి.

కాంట్రాక్టు లెక్చరర్లను "మీ కాంట్రాక్టు ఏప్రిల్‌తో అయిపోతుంది, ఇక సెలవెక్కడిది?" అనడం మామూలే. కవితా యాదవ్ కేసులో 2023లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. అర్హత ఉంటే ప్రసూతి ప్రయోజనాలు కాంట్రాక్టు గడువు దాటినా అందాలన్నది ఆ తీర్పు. ఆ తీర్పు కాపీ దరఖాస్తుకు జతచేయండి. గొడవకు దిగనవసరం లేదు. జత చేసిన కాగితాన్ని చూశాక చాలాచోట్ల స్వరం మారుతుంది.

3. బిడ్డను పట్టుకునే మనిషిని ఖాయం చేసుకోండి

అసలు సంగతి ఇదే. "మా అత్తగారు ఇంట్లోనే ఉంటారు, చూసుకుంటారు" అని చెప్పేవాళ్లలో చాలామందికి వారానికి ఒక్క గంట కూడా దొరకదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండటం వేరు, మంగళవారం పది గంటలకు పాపను ఎత్తుకుని బయటికి వెళ్లడం వేరు. కాబట్టి రోజు, వేళ, పని, మూడూ చెప్పి అడగండి:

"అత్తయ్యా, మంగళవారం, గురువారం పది నుంచి పన్నెండు దాకా పాప మీ దగ్గరే ఉంటుంది. ఏడిస్తే ముందు మీరే ఎత్తుకోండి. నన్ను పిలవొద్దు. ఉగ్గు గిన్నెలో పెట్టి ఉంచుతాను."

ఇలా అడగడం మొదట్లో మొహమాటంగా ఉంటుంది. రెండు మూడు వారాలకు వాళ్లకే అలవాటై, పదయ్యేసరికి "ఇక నువ్వు వెళ్లు" అంటారు. ఇల్లు చిన్నదైతే మీరే బయటికి పోవడం మేలు. తలుపు వేసుకున్నా తల్లి వాసన పసిపిల్లలకు తెలుస్తుంది. డిపార్ట్‌మెంట్ లైబ్రరీ, ఎదురింట్లో ఖాళీ గది, ఊళ్లో శాఖా గ్రంథాలయం, ఏదైనా ఫరవాలేదు.

తండ్రులకు ఒక మాట. "నేను హెల్ప్ చేస్తున్నాగా" అంటారు. హెల్ప్ చేసేవాడికి ప్రతిదీ చెప్పాలి: డైపర్ ఎక్కడుంది, జావ ఎంత పలుచగా, టోపీ ఏది. చెప్పే ఆ మనిషి తల థీసిస్‌లో ఎలా ఉంటుంది? హెల్ప్ వద్దు, ఒక పూట మొత్తం తీసుకోండి. ఆదివారం ఉదయం ఏడు నుంచి పదకొండు వరకు స్నానం, టిఫిన్, నిద్ర, ఏడుపు అన్నీ మీవే. ఆ నాలుగు గంటల్లో ఆవిడకు ఫోన్ చేయకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే దారులు ఇవి:

క్రెష్. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోనివ్వాలి. 2017 సవరణలోనిదే ఇది. మీ కాలేజీలో లేకపోతే ఒక్కరే వెళ్లి అడగకండి, నలుగురు సంతకాలు చేసి ఇవ్వండి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ 'పాల్నా' పథకం కింద క్రెష్‌లు ఉన్నాయి. మీ దగ్గర ఉందో లేదో అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే చెబుతుంది. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ ప్రీస్కూలే ఒక పూటకు సరిపోతుంది.

ఆయా. పెట్టుకున్న మొదటి వారం మీరు ఇంట్లో ఉండాలి. పిల్ల పగలు మామూలుకన్నా ఎక్కువగా, మత్తుగా నిద్రపోతుంటే ఊరుకోకండి. నిద్ర కోసం దగ్గు మందో, జలుబు సిరప్పో పట్టించే అలవాటు అక్కడక్కడా ఉంది, అది ప్రమాదం. మందుల డబ్బా అందకుండా పెట్టి, ఆ సంగతి ఆయాకు మొహం మీదే చెప్పండి.

తోటి స్కాలర్లతో వంతులు. ఇద్దరు తల్లులు ఒకరి పిల్లను ఒకరు రెండేసి గంటలు చూసుకోవడం. పిల్లలు ఏడాదిన్నర దాటితే బాగా కుదురుతుంది, ఖర్చు లేదు.

ఏ దారి ఎంచుకున్నా రెండో మనిషి పేరు ఒకటి రాసి ఉంచుకోండి. జ్వరం వచ్చిన పిల్లను క్రెష్ తీసుకోదు, ఆయా ఊరెళ్తుంది, అత్తగారికి మోకాళ్ల నొప్పి వస్తుంది.

4. పాలు తాగే బిడ్డ ఉంటే

ఆరు నెలల వరకు తల్లిపాలే. మధ్యలో కాలేజీకి వెళ్లాలంటే పాలు పిండి ఉంచాలి. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి. మన ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ వేడి దాటుతుంది కాబట్టి పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, అక్కడ నాలుగు రోజుల వరకు వాడవచ్చు. తలుపు అరలో పెట్టకండి, లోపలికి పెట్టండి. సీసా మీద తేదీ రాయండి. మైక్రోవేవ్ వద్దు. వేడినీళ్ల గిన్నెలో సీసా పెడితే చాలు. బిడ్డ తాగి వదిలేసినవి రెండు గంటల్లోపు వాడాలి, లేదంటే పారబోయాలి. డిపార్ట్‌మెంట్‌లో ఫ్రిజ్ లేకపోతే ఐస్ ప్యాక్‌లు వేసిన చిన్న ఐస్ బాక్సు తీసుకెళ్లండి.

5. థీసిస్ పనిని మూడు కుప్పలు చేయండి

పిల్లలు లేనప్పుడు "ఈ రోజు చాప్టర్ రాస్తాను" అని కూర్చుంటే సాగేది. ఇప్పుడు సాగదు. పాప నలభై నిమిషాలు పడుకుంటుందో, గంటన్నర పడుకుంటుందో మీకు తెలియదు. పని పాప నిద్రకు సరిపోయేంత ముక్కల్లో ఉండాలి.

మొదటి కుప్ప, నిద్రలేని రోజు పని: రిఫరెన్సులు సరిచేయడం, పట్టికలకు నంబర్లు వేయడం, ఫోటోకాపీలు సర్దడం, మార్జిన్లు, బిబ్లియోగ్రఫీ. రెండో కుప్ప, మామూలు రోజు పని: వ్యాసం చదివి నోట్స్ రాయడం, డేటా ఎక్కించడం, ఇంటర్వ్యూలు విని రాసుకోవడం. మూడో కుప్ప, తల బాగా పనిచేసే రోజు పని: వాదన రాయడం, విశ్లేషణ.

నోట్‌బుక్‌లో మూడు పేజీలు తీసి ఒక్కో దాంట్లో ఐదారు పనులు రాసి ఉంచండి. కూర్చున్నప్పుడు ఏం చేయాలా అని ఆలోచించకూడదు, మీ ఒంటి పరిస్థితి చూసుకుని పేజీ తిప్పాలి. మూడో కుప్ప పని మాత్రం మనిషి బిడ్డను తీసుకున్న గంటల్లోనే. పాప నిద్రను నమ్ముకుని ఆ పని మొదలుపెడితే సరిగ్గా వాక్యం మధ్యలో లేస్తుంది. ఎలా తెలుస్తుందో వాళ్లకే తెలియాలి.

ఇక లేచే ముందు ఒక్క నిమిషం: ఆపిన చోటు రాసి లేవండి. "చాప్టర్ 3 కొనసాగించాలి" అని రాస్తే ఉపయోగం లేదు. కౌలు రైతుల అప్పుల మీద పనిచేస్తున్న స్కాలర్ అయితే ఇలా ఉండాలి:

"3.2లో పట్టిక 7 వరకు అయింది. తర్వాత పని: పట్టిక 7లో వడ్డీ కాలమ్ చూసి, కౌలు కాగితం లేనివాళ్లకు బ్యాంకు అప్పు ఎందుకు అందలేదో రెండు వాక్యాలు. 14వ ఇంటర్వ్యూలో మహిళా రైతు చెప్పిన మాట వాడాలి. ఫైలు పేరు: ఇంటర్వ్యూ14."

నాలుగు రోజుల తర్వాత, పాపకు జ్వరం తగ్గి, మీరు మళ్లీ కూర్చున్నప్పుడు ఇది చదివితే రెండు నిమిషాల్లో పనిలో పడతారు. ఇది లేకపోతే దొరికిన గంటలో అరగంట "ఎక్కడున్నాం" అని వెతుక్కోవడానికే పోతుంది. పిల్ల ఏడుస్తూ లేచి రాసే వ్యవధి లేకపోతే, ఎత్తుకుని ఊపుతూనే ఫోన్‌కు చెప్పండి. ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ బాగానే పనిచేస్తోంది. పేర్లు, అంకెలు మాత్రం తర్వాత సరిచూసుకోవాలి. మొదటి డ్రాఫ్ట్ మొత్తం ఇలా ఊయల ఊపుతూ చెప్పి, తర్వాత సాపు చేసుకున్నవాళ్లు ఉన్నారు.

ల్యాబ్ వాళ్లకు ఈ పద్ధతి అంతగా కుదరదు, ప్రయోగం మధ్యలో ఆగదు. మీరు పెద్ద ప్రయోగాలను క్రెష్ లేదా మనిషి దొరికే వారాలకు కట్టి, మిగతా వారాల్లో డేటా, రాత పెట్టుకోండి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఇథిడియం బ్రోమైడ్, ఫార్మాల్డిహైడ్, రేడియోధార్మిక పదార్థాల పని మీరు చేయలేనని గైడ్‌కు మెయిల్‌లో రాసి, ఆ భాగం ఇంకొకరితో మార్చుకోండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఫీల్డ్‌వర్క్ ఉన్నవాళ్లు ఊళ్లను దూరాన్ని బట్టి విడగొట్టండి. ఒక పూటలో వెళ్లి రాగలిగేవి ముందు. రాత్రి ఉండవలసినవి అమ్మను, పిల్లను వెంటబెట్టుకుని ఒకేసారి.

6. కాలేజీ పనిని కుదించండి

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. ఆ గంటలు తగ్గించమని అడిగితే కుదరదంటారు, పేర్చమని అడిగితే కుదురుతుంది. హెచ్‌ఓడీని (డిపార్ట్‌మెంట్ హెడ్‌ను) టైమ్‌టేబుల్ వేసే ముందే కలవాలి. వేశాక కలిస్తే మీ ఒక్కరి కోసం అందరివీ మార్చాలి.

అడగవలసినవి: ఒకే పేపరు రెండు సెక్షన్లకు. ఈ ఏడాది కొత్త పేపరు వద్దు. వారంలో ఒక పూట క్లాసులు లేకుండా. మొదటి పీరియడ్ లేదా చివరి పీరియడ్, ఏదో ఒకటే. అడిగిన దాన్ని మెయిల్‌లో కూడా పెట్టండి.

అల్మానాక్, టీకాల కార్డు పక్కపక్కన పెట్టి చూడండి. టీకాలు 6, 10, 14 వారాలకు, 9 నెలలకు, 16 నుంచి 24 నెలల మధ్య ఉంటాయి. వేయించిన మర్నాడు జ్వరం రావడం మామూలు. ఆ రోజుల్లో ఇన్విజిలేషన్, ప్రాక్టికల్స్ పడకుండా ముందే మార్చుకోండి. స్పాట్ వాల్యుయేషన్‌కు (పరీక్ష పేపర్లు దిద్దే రోజులకు), నాక్ విజిట్‌కు (కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం రాకకు) ముందు వారం థీసిస్ పని సున్నా అని ఒప్పేసుకోండి. ఆ వారాలను క్యాలెండర్లో కొట్టేస్తే తర్వాత బాధ ఉండదు.

ఏ పనికి ఒప్పుకోవాలి అంటే, ముగింపు తేదీ ఉన్నదానికి. సెమినార్ ఒక రోజు సెషన్ చూడమంటే సరే. కల్చరల్ కమిటీ కన్వీనర్, హాస్టల్ వార్డెన్ లాంటివి ఏడాది పొడవునా తింటాయి. "పాపకి మూడేళ్లు నిండాక తప్పకుండా తీసుకుంటాను సర్" అనండి. కాదనడం కన్నా మన దగ్గర ఈ మాట బాగా చెల్లుతుంది.

7. గైడ్‌కు కనిపిస్తూ ఉండండి

పని జరగలేదని సిగ్గుపడి ఫోన్ ఎత్తడం మానేస్తారు. రెండు నెలలు, ఆరు నెలలు, ఏడాది. గైడ్లు స్కాలర్ల మీద ఆశ వదులుకునేది పని ఆలస్యమైనందుకు కాదు, మనిషి మాయమైనందుకు. ఒక గైడ్‌గా చెబుతున్నాను.

రెండు వారాలకోసారి ఐదు వాక్యాల మెయిల్ పంపండి. ఏం చేశారు, ఏం ఆగింది, తర్వాత ఏమిటి, గైడ్ నుంచి ఏం కావాలి, మళ్లీ ఎప్పుడు రాస్తారు. "ఈ రెండు వారాలు బాబుకి విరేచనాలు, పని జరగలేదు. 15న మళ్లీ రాస్తాను" అనేది కూడా మంచి మెయిలే. ఆరు నెలలకోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు హాజరు కావాలి కదా, దానికి ఈ మెయిళ్లే రిపోర్టు అవుతాయి.

భర్త బదిలీ వల్లనో, ఇంకేదో కారణంతోనో ఊరు మారితే చదువు ఆపేయనవసరం లేదు. మహిళా స్కాలర్లు వేరే యూనివర్సిటీకి రీసెర్చ్ డేటాతో సహా మారడానికి 2022 నిబంధనల్లో వీలుంది.

8. ఇప్పుడు టైమ్‌టేబుల్

వారానికి మూడు బ్లాకులు, ఒక్కోటి రెండు గంటలు. అంతకన్నా రాయకండి. లక్ష్యం వారానికి రెండు పేజీలు. తక్కువ అనిపిస్తుందా? 40 పేజీల చాప్టర్ 20 వారాల్లో, అంటే సుమారు ఒక సెమిస్టర్లో అవుతుంది. ప్రతి కమిటీ మీటింగుకు ఒక చాప్టర్ పట్టుకెళ్లే స్కాలర్‌ను ఏ కమిటీ ఏమంటుంది?

రోజుకు అరగంట చొప్పున పెట్టుకోవచ్చా అని అడుగుతారు. చదవడానికి సరే. రాయడానికి అరగంటలో తల వేడెక్కడమే సరిపోతుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

సెలవులో థీసిస్ పూర్తి చేసేస్తాను అనుకోవడం. ప్రసూతి సెలవు ఒళ్లు కోలుకోవడానికి. మొదటి మూడు నెలలు మొదటి కుప్ప పని తప్ప ఏదీ ముట్టుకోకండి, అదీ చేయాలనిపిస్తేనే.

పిల్ల లేకుండా దొరికిన గంటను వంటింటికి ఇచ్చేయడం. అత్తగారు పాపను తీసుకోగానే "ఈ గిన్నెలు కడిగేసి కూర్చుంటా" అంటారు. గిన్నెల తర్వాత బట్టలు, బట్టల తర్వాత పప్పు. గిన్నెలు పాప మేలుకుని ఉండగా కూడా కడగవచ్చు.

డబ్బు కట్టి థీసిస్ రాయించుకోవడం. అలసిపోయిన తల్లులకు ఇలాంటి ప్రకటనలు ఎక్కువగా కనిపిస్తాయి. వైవాలో దొరుకుతుంది, తర్వాతెప్పుడు దొరికినా డిగ్రీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. టైపింగ్, బైండింగ్ బయట చేయించుకోండి, రాత మాత్రం మీదే.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: ఒంట్లో బాగాలేదని గుర్తించకపోవడం. కాన్పయ్యాక వారాల తరబడి ఏడుపు వస్తూ, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకుండా, ఏ పనీ చేయబుద్ధి కాకుండా ఉంటే దానికి టైమ్‌టేబుల్ మందు కాదు. డాక్టర్ దగ్గరకు వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

నాలుగు వారాలకోసారి నోట్‌బుక్ తీసి చూడండి. 12 బ్లాకుల్లో ఎన్ని జరిగాయి? ఎనిమిది జరిగితే బాగుంది, ఏమీ మార్చకండి. ఐదు నుంచి ఏడు అయితే ఏ రోజు బ్లాకు పదేపదే పోతోందో చూసి ఆ రోజు మార్చండి. నాలుగు లేదా అంతకన్నా తక్కువైతే సమస్య మీ క్రమశిక్షణ కాదు, మూడో మెట్టులో ఉంది. మనిషి కుదరలేదన్నమాట. మళ్లీ అక్కడికి వెళ్లండి.

ఆపిన చోటు నోట్స్ చివరి ఐదు తీసి చదవండి. ఐదింటిలోనూ ఒకటే పని కనిపిస్తే మీరు దాన్ని తప్పించుకుంటున్నారు. ఆ పనిని గైడ్ మెయిల్లో పెట్టి అడగండి.

బిడ్డ వైపు లెక్క: టీకాలు తేదీకి పడ్డాయా, బరువు కార్డు మీద గీత పైకి వెళ్తోందా, మిమ్మల్ని చూడగానే చేతులు చాస్తోందా. ఈ మూడూ ఉంటే "చదువు కోసం పిల్లను వదిలేసింది" అనే మాటలను పట్టించుకోనక్కర్లేదు.

రెండు సెమిస్టర్లు వరసగా ఈ లెక్క కుదరకపోతే ఫుల్‌టైమ్ నుంచి పార్ట్‌టైమ్‌కు మారడం గురించి యూనివర్సిటీలో అడగండి. 2022 నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. ఉద్యోగం చేస్తుంటే సంస్థ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ) కావాలి. ఫెలోషిప్ ఏమవుతుందో మారకముందే తెలుసుకోండి. పూర్తిగా ఆపేసినవాళ్లకూ దారి ఉంది. జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లయినా మహిళలకు ఐదేళ్ల సడలింపు ఇస్తారు, నెట్ పరీక్షతో వచ్చే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసే అడ్డు కాదు. సైన్స్ వాళ్లు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పథకం, బయోటెక్నాలజీ శాఖ బయోకేర్ పథకం నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు సెలవు మంజూరు ఆర్డర్లన్నీ ఒక ఫైలులో పెట్టి భద్రం చేయండి. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ ప్రమోషన్ వచ్చినప్పుడు ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు కాలాన్ని గ్రేడింగ్ నుంచి తీసేసి, మిగతా కాలానికి వచ్చిన స్కోరును మొత్తం కాలానికి లెక్కగట్టాలని, ఆ సెలవుల వల్ల నష్టం జరగకూడదని యూజీసీ 2018 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. స్క్రీనింగ్ కమిటీలో ఇది గుర్తుండేవాళ్లు తక్కువ. దరఖాస్తులో ఆ నిబంధన ప్రస్తావించి, ఆర్డర్ల కాపీలు వెనక జతచేసి ఇవ్వండి.